ఫిడేలు మోగిన చోట

శబ్దం తిరిగి రాకుండా ఈ గది గోడలకి దుప్పట్లు కొట్టారు, అందుకని ఇక్కడ దగ్గితే ఆ దగ్గు నాది కానట్టు పక్కనే ఎక్కడో పడి చచ్చిపోతుంది, ఇందాకట్నుంచి దగ్గి దగ్గి చూస్తున్నాను, గొంతు బాగానే ఉంది, గొంతుకేం, అది ఎప్పుడూ బాగానే ఉంటుంది, బాగుండనిది గొంతు వెనకాల ఉన్నది. సాయంత్రం వార్తలు అయిపోగానే రేడియోలో నా కవిత. చదివేది నేను, వినేది ఊరు, మధ్యలో ఆ అద్దం అవతల మీట దగ్గర కూర్చున్నాయన. ఆయన ముందు నా కవిత నకలు ఉంటుంది, ఎడమచేతి వేలు దాని మీద నేను చదివే మాట వెంట నడుస్తుంది, కుడిచెయ్యి మీట మీద ఉంటుంది. కాగితంలో లేని మాట నా నోట వచ్చిందా, మీట తిరుగుతుంది, నా గొంతు ఆగిపోతుంది, పక్కన సిద్ధంగా తిరుగుతున్న రికార్డు మీద ముల్లు వాలుతుంది, ఫిడేలు. ఎప్పుడూ అదే ఫిడేలు, యుద్ధం మొదలైనప్పట్నుంచీ అదే రికార్డు, అరిగిపోయి మధ్యలో ఒకచోట ఎక్కిళ్ళు కూడా పెడుతుంది. ఊళ్ళో పసిపిల్లలకి కూడా ఆ పాట వచ్చు. ఎవరైనా మాట్లాడుతుండగా ఫిడేలు వచ్చిందంటే అక్కడ ఏదో అన్నారని అర్థం, దర్జీ దుకాణం ముందు రేడియో చుట్టూ చేరినవాళ్ళు అప్పటిదాకా ఆవలిస్తున్నవాళ్ళు కాస్తా ఒక్కసారి నిటారుగా కూర్చుంటారు, ఏమని ఉంటాడు, ఏమని ఉంటాడు, మర్నాటికి ఒక్కొక్కరూ ఒక్కో మాట చెబుతారు. వార్తల కన్నా ఫిడేలునే ఎక్కువ నమ్ముతారు.

కాగితం నా చేతిలో చెమటకి మెత్తబడింది. దాని మీద ఎర్ర పెన్సిలు గీత, రెండు పాదాల మీదుగా, స్కేలు పెట్టి గీసినట్టు శుభ్రంగా. పోయిన వారం ఈ కాగితం ఇస్తూ ఆ మీట దగ్గరాయన పళ్ళ డాక్టరులా మాట్లాడాడు.

"రెండు పాదాలేనండి తీసింది. ఆ గొళ్ళెం ఉన్నవి. మిగతాదంతా ఉంది."

"అవి లేకపోతే కవితే లేదండీ."

"అలా అనకండి. మీ కవిత్వం నేను ముందు నుంచీ చదివేవాణ్ణి. ఈ ఉద్యోగంలోకి వచ్చాక ఇంకా శ్రద్ధగా చదువుతున్నాను, ఒక్కో మాట నాలుగైదు సార్లు. మీ అభిమానులెవరూ అంత చదవరు." ముక్కు చీదుకుని, రుమాలు మడిచి జేబులో పెట్టుకుని, కాస్త గొంతు తగ్గించి, "నిజం చెప్పమంటారా? అవి లేకపోతేనే బిగువుగా ఉంది," అన్నాడు.

అక్కడే నా కాళ్ళ కింద ఏదో కదిలింది. ఎందుకంటే ఆ మాట నాకూ ఒకసారి తోచింది. రాసిన రోజే తోచింది. కవిత ముందు భాగం నిదానంగా నడుస్తుంది, దూరాన కాలే ఊరి వెలుగు మా గోడ మీద పడింది, అక్కడి పిల్లల నీడలు మా పిల్లల నీడలంత ఉన్నాయి, ఇలా సాగి సాగి హఠాత్తుగా గొంతు పెరుగుతుంది, దొరా, స్వేచ్ఛ కోసం ఓడ ఎక్కుతూ మా గుమ్మానికి బయట గొళ్ళెం పెట్టి పోతున్నావు. బాగుందా? బజార్లో అరిచినట్టుందా? ఆయన దాన్ని కొట్టేసింది ప్రభుత్వం కోసమా, కవిత కోసమా? దొరల జీతం తినే మనిషి రుచీ నా రుచీ ఒకటేనా? ఒకటే అయితే తప్పేముంది, ఇద్దరం ఒకే బళ్ళో చదువుకుని ఉంటాం, ఒకే పాఠం అప్పజెప్పి ఉంటాం.

బడి. ఆ దొర ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు. నాకు వాళ్ళ భాషలో పద్యం వచ్చని మాస్టారు నన్ను ముందుకి తోశారు, అందులో సగం మాటలకి అర్థం కూడా తెలీదు, కానీ స్వేచ్ఛ అనే మాట ఉంది, వాళ్ళ కవి ఎవరో వాళ్ళ రాజునే నిలదీస్తున్నాడు, నేను రొమ్ము విరుచుకుని చదివాను. దొర నవ్వి నా తల మీద చెయ్యి పెట్టాడు. బరువైన చెయ్యి, వెచ్చటి చెయ్యి, చుట్ట వాసన. మా నాన్న ఎప్పుడూ నా తల నిమిరిన మనిషి కాదు. ఆ చెయ్యి ఇంకా ఇక్కడే ఉంది, ఇదిగో, సుడి దగ్గర, ఎవరైనా నా కవిత బాగుందంటే ముందు అక్కడ వెచ్చబడుతుంది. స్వేచ్ఛ అనే మాట నాకు వాళ్ళిచ్చిందే, వాళ్ళ చెయ్యి తల మీద ఉండగా నేర్చుకున్నదే, ఇప్పుడు దాన్నే వాళ్ళ మీదకి విసురుతున్నాను, విసిరినప్పుడల్లా వాళ్ళే బాగా విసిరావంటారేమోనని లోపల ఎవడో ఎదురు చూస్తుంటాడు. రేడియో నుంచి పిలుపు వచ్చిన రోజు సంతోషించానా లేదా? సంతోషించాను. బావ జైల్లో ఉన్నాడు, నేను సంతోషించాను. అక్కకి చెప్పేటప్పుడు మాత్రం మొహం ముడుచుకుని చెప్పాను.

బావ లెక్కల మాస్టారు. ఏదైనా మొదటి మెట్టు నుంచి చివరి మెట్టుదాకా రుజువు చేస్తే కానీ ఒప్పుకోడు, అలాంటి మనిషి బజార్లో బల్ల ఎక్కి మొదటి వాక్యం కూడా పూర్తి చెయ్యలేకపోయాడు, ఈ యుద్ధం మనది కా, అనే లోపల పోలీసులు కిందకి లాగేశారు. మిగతా సగం ఊరే పూర్తి చేసుకుంది. అంతకు ముందు రోజే మా ఇద్దరికీ గొడవ. ఇంట్లో దొంగ కూర్చుని ఉండగా వీధిలోకి పులి వచ్చిందని దొంగకి కాపలా కాస్తావా అని ఆయన, పులికి ఎవరిల్లో తెలీదు బావా, ముందు దాన్ని ఆపాలి కదా అని నేను, దొంగ ఎలాగూ పులి పేరు చెప్పుకునే ఇంకో పదేళ్ళు ఉంటాడు చూడు అని ఆయన. అక్క గిన్నెలు చప్పుడు చేస్తూ, "పులీ దొంగా పోగా ఇంట్లో మనుషులెవరైనా మిగిలుంటే అన్నానికి రండి," అంది. నవ్వుకున్నాం. తిన్నాం. చెయ్యి కడుక్కుంటూ బావ మళ్ళీ మొదలుపెట్టాడు. నేను ఇప్పటికీ ఆయనతో ఏకీభవించను. యుద్ధంలో అవతలివాడు పుస్తకాలు కుప్పపోసి కాలుస్తున్నాడు, నాలాంటి వాళ్ళని గోడకి నిలబెడుతున్నాడు, వాడు గెలిస్తే ఈ గొళ్ళెం గొడవ కూడా ఉండదు, గుమ్మమే ఉండదు. వాడు ఓడిపోవాలి. నిజంగా, కడుపులోంచి, వాడు ఓడిపోవాలని నాకుంది. వాణ్ణి ఓడిస్తున్నది బావని లోపల పెట్టినవాళ్ళే. ఈ రెండూ ఒక తలలో పక్క పక్కన పడుకుంటాయి, ఒకదానికి దుప్పటి కప్పితే ఇంకోదాని కాళ్ళు బయటపడతాయి.

అద్దం అవతల ఆయన వేలెత్తి చూపిస్తున్నాడు, ఇంకా టైముంది, కూర్చోండి అని. కూర్చునే ఉన్నాను కదా. నిలబడ్డానా? నిలబడే ఉన్నాను. కూర్చుంటాను. వార్తలు చదివే అమ్మాయి గొంతు గోడలోంచి దూదిలోంచి వచ్చినట్టు వస్తోంది, మన దళాలు వెనక్కి తగ్గి బలమైన స్థానాలు చేరుకున్నాయి. మన దళాలు. మన. పత్రికాఫీసులో ఆ మాట నేను రోజూ దిద్దుతాను, నా పని అదే కదా, ప్రూఫులు దిద్దడం, మన దళాలు అని ఉన్నచోట కొమ్ము పోతే పెడతాను, దీర్ఘం పోతే పెడతాను, మన అనేది ఎవరో నేను చూసుకోను, అది నా పని కాదు. మొదట్లో ప్రభుత్వం కొట్టేసిన చోట పత్రికలో తెల్లగా ఖాళీ వదిలేసేవాళ్ళం. జనం మిగతా పేజీ వదిలేసి ఆ తెల్లటి చోటునే చూసేవారు, దీపం ముందు పట్టుకుని కూడా చూసేవారట, లోపల ఏమైనా కనిపిస్తుందేమోనని. తరవాత ఉత్తర్వు వచ్చింది, ఖాళీ వదలకూడదు. అప్పట్నుంచి బావలాంటి వాళ్ళ అరెస్టుల చోట తలనూనె ప్రకటన వేస్తున్నాం. ఒత్తైన జుట్టు విరబోసుకుని ఒకావిడ నవ్వుతూ ఉంటుంది. ఆవిడ పెద్దగా కనిపించిన రోజున పెద్ద విషయమే జరిగిందని ఊళ్ళో లెక్క.

మొన్న జైలుకి వెళ్ళినప్పుడు బావకి చెప్పాను, జల్లెడలాంటి తీగ అవతల ఆయన మొహం చుక్కలు చుక్కలుగా ఉంది. రేడియోలో చదవమన్నారు బావా, రెండు పాదాలు కొట్టేశారు, ఏం చెయ్యను. ఎందుకు ఒప్పుకున్నావని ఆయన అడుగుతాడనుకున్నాను, వెళ్ళకు అంటాడనుకున్నాను, లేకపోతే ఆ రెండు పాదాలూ చదివెయ్ అంటాడనుకున్నాను, ఏదో ఒకటి అంటే ఆ తోవన పోవచ్చు, లేదా ఆయన మీద కోపంతో రెండో తోవన పోవచ్చు.

"నువ్వు నమ్మింది చదువు," అన్నాడు. "నా మీద జాలితో ఏదీ నమ్మకు. నాకు చిరాకు."

"నేనేం నమ్ముతున్నానో తేలట్లేదు."

"తేలనిది రేడియోలో ఎందుకు?" అని నవ్వాడు, తరవాత అక్క ఎలా ఉందని, పిల్లవాడి దగ్గు తగ్గిందా అని, అంతే, వార్డరు కర్రతో బల్ల మీద కొట్టాడు.

ఆ రెండు పాదాలూ ఇప్పుడు చదివితే ఏమవుతుందో తెలుసు. గొళ్ళెం అన్న మాట దాకా కూడా పోదు, దొరా అనగానే మీట తిరుగుతుంది. ఊరికి వినపడేది ఫిడేలే. ఉద్యోగం పోతుంది, బావ పక్కన ఎక్కడో నాకో చాప పడుతుంది, అక్క ఇద్దరికీ బట్టలు మోసుకొస్తుంది. చదవకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. బావ లోపల ఉండగా బావమరిది గొంతు దొరల రేడియోలోంచి నున్నగా, ఎక్కడా ఆగకుండా, శత్రువుని తిట్టి దిగిపోతుంది. మంగలి ఇప్పటికే మొదలుపెట్టాడు, పొద్దున్న వెళ్తే, "జరగండి జరగండి, రేడియోవారొచ్చారు, గడ్డం కూడా గాల్లోకి వినపడాలి," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కత్తి మెడ మీద ఉండగా నవ్వకుండా ఎలా ఉంటాం.

అక్క పొద్దున్న ఇస్త్రీ చేసిన చొక్కా మంచం మీద పెట్టింది. గుమ్మం దాకా వచ్చి, "దర్జీ దుకాణం దగ్గర వింటాను," అంది. అంతే. వింటానంటే ఏమిటి? ఏం వింటుంది? ఆ మాట అన్నప్పుడు అక్క కళ్ళు నా చొక్కా గుండీల మీద ఉన్నాయి. ఒకడు లోపల ఉన్నాడు, చాలు, అని ఉందా ఆ చూపులో? మొగుడి కోసం ఒక్క మాట అనలేవా, అని ఉందా? ఏమీ లేదేమో, గుండీ ఊడిందేమోనని చూసిందేమో. చిన్నప్పట్నుంచీ అంతే, దాని మౌనాన్ని చదవడం నాకు రాదు, నేను దాన్ని ప్రూఫులా దిద్దుతూ ఉంటాను, ఉన్నది వదిలేసి లేనివి పెడుతూ.

తలుపు తెరుచుకుంది. మీట దగ్గరాయన తల లోపలికి పెట్టాడు. "నీళ్ళు తాగాలనుంటే ఇప్పుడే తాగెయ్యండి. మధ్యలో మాత్రం ఆగొద్దు, గాలి ఖాళీగా ఉండకూడదు. ఖాళీ వస్తే నేను ఫిడేలు వెయ్యాల్సిందే, పద్ధతి అది. కొట్టేసిన చోట ఊపిరి కూడా తీసుకోకండి, పై పాదంలోంచి కింది పాదంలోకి జారిపోండి. చూశాను నేను, లయ కుదురుతుంది." వెళ్ళిపోతూ మళ్ళీ తిరిగి, "మా ఆవిడ కూడా వింటోందండి," అన్నాడు, కొంచెం సిగ్గుగా.

ఎర్ర దీపం వెలిగింది. ఎవరో నా గురించి మంచి మాటలు చెబుతున్నారు, ప్రముఖ, సున్నిత, అవి నా గురించేనా, సుడి దగ్గర వెచ్చబడింది, ఛీ. మైకు ఇనప జల్లెడ, జైలు తీగలాంటిదే, దాని అవతల ఎవరి మొహమూ లేదు, చుక్కలు కూడా లేవు. మొదలుపెట్టాను. దూరాన కాలే ఊరి వెలుగు. నా గొంతు బాగుంది, ఈ దుప్పట్ల గదిలో ఎవరిదో గొంతులా, నాకే వినాలనిపించేటట్టుంది. అద్దం అవతల వేలు కదులుతోంది, నా మాట ఎక్కడుంటే అక్కడ వేలు, ముద్దుగా, చంటిపిల్లవాణ్ణి నడిపించినట్టు. అక్కడి పిల్లల నీడలు మా పిల్లల నీడలంత ఉన్నాయి. ఇది నిజం. ఇది నేను నమ్మాను. కన్నీళ్ళు కూడా వచ్చేటట్టున్నాయి. ఇంకొక్క పాదం, అది కూడా అయిపోయింది, ఇదిగో ఎర్ర గీత.

దొరా, అందామని నోరు తెరిచాను. తెరిచానన్నది నాకు గట్టిగా గుర్తుంది. దొరా అంటే రేపు మంగలి నా మెడ కింద తువ్వాలు జాగ్రత్తగా సర్దుతాడు, భుజం తడతాడు. ఆ తట్టు కోసమేనా? కింది పాదంలోకి జారిపోతే అద్దం అవతలి మనిషి తల ఊపుతాడు, వాళ్ళావిడ బాగా చదివాడంటుంది. ఆ ఊపు కోసమేనా? అటు వెళ్ళినా ఒక అరచెయ్యి, ఇటు వెళ్ళినా ఒక అరచెయ్యి, తల మీద వాలడానికి రెండూ గాల్లో సిద్ధంగా ఉన్నాయి, బరువుగా, వెచ్చగా, చుట్ట వాసనతో. బావా, నేను నమ్మింది ఎక్కడుంది, ఈ గీత పైనా, కిందా? పులి నిజం, దొంగ నిజం, నీ తప్పు కూడా నిజం, నీది తప్పు మాటైనా నిన్ను బల్ల ఎక్కి చివరిదాకా చెప్పనివ్వాలి, అది కూడా నిజం, అదేనా నేను అనాల్సింది, అది ఈ రెండు పాదాల్లో లేదు కదా, రాయనే లేదు కదా, ఇంతసేపూ ఈ గొళ్ళెం పట్టుకునే వేలాడాను. నోరు తెరిచే ఉంది. దుప్పట్లు వింటున్నాయి. అద్దం అవతల వేలు ఎర్ర గీత కింద ఆగి, నా కోసం చూస్తోంది, రండి, రండి, అన్నట్టు కాగితం మీద చిన్నగా తడుతోంది, ఆయన మొహం ఎత్తాడు, కళ్ళు పెద్దవయ్యాయి, బతిమాలుతున్నాడు, నేను ఆయన్ని చూస్తూ ఉన్నాను, కుడిచెయ్యి కదిలింది.

ఫిడేలు.

ఇంత దగ్గర్నుంచి ఎప్పుడూ వినలేదు. ఎక్కిళ్ళు కూడా పెట్టింది.

ఎర్ర దీపం ఆరిపోయాక ఆయన లోపలికి వచ్చి నా ఎదురుగా కుర్చీలో కూలబడ్డాడు. ఆయనకి కోపం లేదు, భయమే ఎక్కువ ఉంది. "మీరేమీ అనలేదు కదండీ," అన్నాడు. "నేను చూశాను, మీరేమీ అనలేదు."

"లేదు."

"ఏమీ అనకపోతే ఎందుకు వేశావని పైవాళ్ళంటారు. ఖాళీ వచ్చిందంటే ఖాళీ ఎందుకు రానిచ్చావంటారు. నేనేదో ఒకటి రాసివ్వాలి." రుమాలు తీశాడు, చీదుకోలేదు, చేతిలోనే నలిపాడు. "మీరే చెప్పండి. ఏమన్నారని రాయమంటారు?"

ఆలోచించాను. నిజంగానే ఆలోచించాను, ఆయనకి సాయం చెయ్యాలనే ఉంది. ఏ మాట చెప్పినా అది నాది అయిపోతుంది, సంతకం పెట్టినట్టు. కవిత కాగితం ఆయన ముందే వదిలేసి వచ్చేశాను.

వీధిలో ఇంకా వెలుగుంది. విమానాలకి దీపాలు కనపడకుండా కిటికీలకి నల్లకాగితాలు అంటించేవాళ్ళు బల్లల మీద నిలబడి నన్ను చూసి చేతులాపారు. మంగలి దుకాణంలోంచి సబ్బు చేతులతోనే బయటికి వచ్చాడు, పొద్దున్నటి ఎకసెక్కం మొహంలో లేదు, నమస్కారం పెట్టాడు, నురగ నా చొక్కా మీద పడింది. "బావగారి పేరు ఎత్తారటగా," అన్నాడు గొంతు తగ్గించి. నేను తల ఊపానో అడ్డంగా ఊపానో తెలీదు. మలుపు దగ్గర ఎవరో ముసలాయన, ఆయన కొడుకు దొరల సైన్యంలో ఉన్నాడని తెలుసు, నా చెయ్యి పట్టుకుని, "మావాడి లాంటి వాళ్ళని తిండి లేకుండా ముందుకు తోస్తున్నారన్న సంగతి నువ్వొక్కడివే అనగలిగావు నాయనా," అన్నాడు. ఆ చెయ్యిలోంచి నా చెయ్యి లాక్కోలేకపోయాను, నేనన్నది అదేనేమో, ఎవరికి తెలుసు, తెరిచిన నోట్లో ఎన్ని పడతాయి.

అక్క నాకన్నా ముందే ఇంటికి చేరింది. పిల్లవాడు మూల కూర్చుని ఫిడేలు పాట కూనిరాగం తీస్తున్నాడు, ఎక్కిళ్ళతో సహా. అక్క వెనక్కి తిరగలేదు. బావకి బట్టలు తీసుకెళ్ళే గుడ్డసంచి మంచం మీద నోరు తెరుచుకుని ఉంది.

"ఏమన్నావురా?"

"ఏమీ అనలేదక్కా."

అక్క నెమ్మదిగా తల ఊపింది, నేను దానికి ఏదో మంచి సలహా చెప్పినట్టు.

"ఆ. అలాగే చెప్పు. వాళ్ళొచ్చి అడిగినా అలాగే చెప్పు," అంది. "మాట మార్చకు."

అని, తాడు మీంచి నా రెండో చొక్కా తీసి, దులిపి, గుండీలు ఒక్కొక్కటే చూసుకుంటూ, మడతపెట్టి, సంచిలో బావ చొక్కా మీద పెట్టింది.